ఆరు నలభై రెండుకు వినిపించిన గొంతు

"ఇంకోసారి పెట్టండి," అంది మహిత.

అబ్దుల్ హమీద్ మౌస్ నొక్కాడు. స్టూడియో స్పీకర్లలోంచి మొగిలమ్మ గొంతు ఏడోసారి వినిపించింది.

"అమ్మలారా, నేను మొగిలమ్మను మాట్లాడుతాన. ఈ రోజు నల్లా నీళ్లు తాగకుండ్రి. పోరగాండ్లకు తాపకుండ్రి. బోరింగు నీళ్లే పట్టుకోండ్రి."

పదకొండు సెకన్లు. సోమవారం పొద్దున ఆరు గంటల నలభై రెండు నిమిషాలకు ఓరుగల్లు ప్రజా రేడియోలో ఈ మాటలు మూడుసార్లు వరుసగా వచ్చాయి. ఏడింటికి మూడు వార్డుల్లో నల్లాలు వచ్చాయి. ఎవరూ బిందె పెట్టలేదు. ఎనిమిదింటికి జనం ట్యాంకర్ మీద పడ్డారు. ఆ తోపులాటలో సారలమ్మ అనే ముసలావిడ ముంజేయి విరిగింది. తొమ్మిదింటికి అధికారులు నల్లా నీళ్లు పరీక్ష చేయించి, నీళ్లు శుభ్రంగా ఉన్నాయని ప్రకటించారు. పదింటికల్లా పుకార్లు పుట్టించి జనాన్ని భయపెట్టిందని మొగిలమ్మ మీద కేసు పడింది.

మొగిలమ్మ ప్రతిపక్షం కార్పొరేటర్. కొత్తవాడలో మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. నాలుగేళ్లు ఆమె రెండే విషయాల కోసం తిరిగింది. నగరానికొచ్చే తాగునీటి పరీక్షల ఫలితాలు మంచివైనా చెడ్డవైనా వారం వారం రేడియోలో చదవాలని ఒకటి. ప్రజల పన్నుతో నడిచే రేడియోలో ప్రతిపక్షానికి కూడా వారానికి పదిహేను నిమిషాలు ఇవ్వాలని రెండోది. పోయిన ఏడాది రెండూ సాధించింది. ఈ రోజు గురువారం. సాయంత్రం నాలుగున్నరకు రేడియో సలహా సంఘం కూర్చుంటుంది. ఎజెండాలో ఒకటే అంశం: ఆ పదిహేను నిమిషాలు రద్దు చేయడం.

ఆ మాటలు తను అననే లేదని మొగిలమ్మ అంటోంది. అందుకే నిజం తేల్చే పని మహితకు అప్పగించింది. మహిత ఆరేళ్ల కిందట ఎస్సై ఉద్యోగం వదిలేసి హన్మకొండలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది.

గోడ గడియారంలో రెండూ పది.

"ఈ ఫైలు అసలుది ఏమైంది చాచా?" అని అడిగింది మహిత.

"ఎవరో డిలీట్ చేసిన్రు మేడం. ఆరూ యాభైకి." హమీద్ స్క్రీన్ వంకే చూస్తూ చెప్పాడు. యాభై ఏడేళ్ల మనిషి, ఇరవై ఆరేళ్లుగా ఇక్కడే ఆపరేటర్. "గాలిలకు పోయిన ప్రతి నిమిషం ఇంకో మిషన్ల తానంతట తానే రికార్డు అయితది. మీరు వింటాన్నది గదే."

"ఆ టైముకు మీరెక్కడున్నరు?"

"చాయ్ తాగ పోయిన. ఆరూ ఇరవై అయిదు నుంచి ఆరూ నలభై అయిదు దాక క్యాంటీన్ల ఉన్న. పొద్దున ప్రోగ్రాం అంత కంప్యూటరే నడుపుతది."

మహిత హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. సౌండ్ బాగా పెంచి, ఈసారి మాటలు పట్టించుకోకుండా మాటల వెనక ఏముందో విన్నది. మొదటి వాక్యం వెనక ఏ చప్పుడూ లేదు. స్టూడియో నిశ్శబ్దం. "నల్లా నీళ్లు తాగకుండ్రి" దగ్గర మాత్రం దూరంగా మరమగ్గాలు ఆడుతున్నాయి. "పోరగాండ్లకు తాపకుండ్రి" దగ్గర మగ్గాలు లేవు. రేకుల మీద వాన పడుతోంది. చివరి వాక్యంలో మళ్లీ నిశ్శబ్దం.

పదకొండు సెకన్లలో మనిషి మూడు చోట్ల ఉండదు.

ఆమె లేచి వెళ్లి, సందర్శకుల గదిలో కూర్చున్న మొగిలమ్మను పిలుచుకొచ్చి హెడ్‌ఫోన్స్ ఇచ్చింది. మొగిలమ్మ కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నది.

"ఇది జూలైల మా మగ్గాల షెడ్డు కాడ రికార్డు చేసింది," అంది. "రంగు మారితే నల్లా నీళ్లు తాగకుండ్రి, అన్న. రంగు మారితే అన్న ముక్క లేకుంట చేసిన్రు."

"వాన చప్పుడున్న ముక్క?"

"అది సర్కారు బడి కాడ. పోరగాండ్లకు తాపకుండ్రి అనంగనే నాకు దగ్గొచ్చింది. ఆ ముక్క తీసేసి మళ్ల చెప్పించిన్రు. అది రేడియోల రానే లేదు." హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. "అంటే నేను అన్లేదు బిడ్డా."

"అన్లేదు అక్కా."

"మూడు దినాల సంది నా మీద నాకే అనుమానం. అరవై ఏండ్లొచ్చినయి. ఎక్కడన్న అని మర్శిపోయిన్ననా అనుకున్న. రాత్రిళ్లు లేశి కూసుంటాన." పైటచెంగుతో మొహం తుడుచుకుని ఊపిరి వదిలింది. "ఇగ జైలుకు తోలినా మంచిదే. మతి అయితే ఉన్నది."

మహితకు కూడా గుండె తేలికపడింది. కానీ వాన చప్పుడున్న ఆ ముక్క ఆమెను వదల్లేదు. ప్రసారం కాని ముక్క బయటివాళ్ల చేతికి చిక్కదు. అది ఈ భవనంలోని పాత రికార్డింగుల్లోనే ఉంటుంది. వాటిని తెరిచే పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉంది. ఒకరు డైరెక్టర్ వెంకట్రాజం. రెండో మనిషి ఇప్పుడు మౌస్ తీగను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

రెండూ యాభైకి తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ మల్లికార్జున్ వచ్చాడు. మహితా అతనూ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందారు. ఇద్దరికీ అప్పుడూ పడలేదు, ఇప్పుడూ పడదు.

"అయిపోయిందా నీ పరిశోధన?" అన్నాడు. "మొగిలమ్మ గారూ, మూడున్నరకు మీరు మాతోని స్టేషన్‌కు రావాలె. కాగితాలు తయారున్నయి."

"ఒక్కసారి ఇది విని అరెస్టు చెయ్యి," అంది మహిత.

అతను నిలబడే విన్నాడు. రెండోసారి కూర్చుని విన్నాడు. మూడోసారి విన్నాక పెదవి విరిచాడు.

"అతుకుబొంతే. ఒప్పుకుంట. కానీ అతికించింది ఆమె మనుషులే కావచ్చు గద. రేపు పట్టుబడితే నేను అన్లేదని చెప్పుకోనీకి."

"వాన చప్పుడున్న ముక్క ఎన్నడూ ప్రసారం కాలేదు. ఈ గది దాటి పోలేదు."

"అయితే డైరెక్టర్."

"వెంకట్రాజం గారు ఆదివారం సాయంత్రమే హైదరాబాద్ పోయిన్రు. సోమవారం మధ్యాహ్నం వచ్చిన్రు. ఆ ఫైలు సోమవారం ఆరూ ముప్పై ఎనిమిదికి ఈ బల్ల మీది కంప్యూటర్ల నుంచే ఎక్కింది. నేను చూసిన."

మల్లికార్జున్ మెల్లగా హమీద్ వైపు తిరిగాడు. మహిత అడ్డంగా నిలబడింది.

"నాకు పావుగంట ఇయ్యి. ఒక్కదాన్నే మాట్లాడుత."

"ఇది నా కేసు మహితా."

"నీ కేసుల తప్పు మనిషిని లోపలెయ్యకుంట ఆపిన. దానికి బదులు పావుగంట అడుగుతాన."

అతను వాచీ చూసుకున్నాడు. "మూడూ పది దాక," అని మొగిలమ్మతో పాటు బయటికి నడిచాడు.

తలుపు మూసుకున్నాక మహిత కుర్చీ లాక్కుని హమీద్ ఎదురుగా కూర్చుంది.

"సోమవారం క్యాంటీన్ యాకయ్యకు పాలు ఆలస్యంగా వచ్చినయి చాచా. ఏడింటికి తెరిచిండు. ఆరున్నరకు మీరు అక్కడ చాయ్ ఎట్ల తాగిన్రు?"

హమీద్ వేలికి చుట్టుకున్న మౌస్ తీగను విప్పాడు.

"నిన్న దవాఖానకు పోయి సారలమ్మను చూసిన. రేడియో సార్ పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి వచ్చి బత్తాయిలు ఇచ్చి పోతాండు అన్నది. ఆమె మీకు చుట్టమా?"

"కాదు."

"మరెందుకు పోతానరు?"

అతను కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడవసాగాడు. చాలాసేపు తుడిచాడు.

"ఇంకొకటి కూడా చూసిన," అంది మహిత గొంతు తగ్గించి. "ఆ వార్డులల్ల నల్లాల కింద షాబాదు బండలుంటయి. నల్లని బండలు. సోమవారం నీళ్లు పడ్డ చోట గుండ్రంగ తెల్లబడ్డయి. చెయ్యి పెడ్తే గరుకు. యాసిడ్ పడితేనే ఆ బండ అట్లయితది. నీళ్లు నిజంగనే చెడిపోయినయి గద చాచా?"

హమీద్ చేతిలోని అద్దాలు బల్ల మీద పడ్డాయి. అతని భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. మూడు రోజులుగా మోస్తున్నది దించుకున్న మనిషిలా కనిపించాడు.

"అల్లా దయ బేటా. ఎవరో ఒకరు అడిగిన్రు," అన్నాడు.

తర్వాత అతన్ని ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.

ఆ మూడు వార్డులకు నీళ్లిచ్చే ట్యాంకు దగ్గర పండరి అనే కాంట్రాక్టు ఉద్యోగి వాల్వు తిప్పుతాడు. ఆదివారం కూలీలు ట్యాంకు లోపలి తుప్పును యాసిడ్‌తో కడిగారు. కడిగిన నీళ్లు పూర్తిగా వదిలేయకుండానే పైనుంచి ధర్మసాగర్ చెరువు నీళ్లు నింపేశారు. సోమవారం ఐదూ యాభైకి పండరి రోజూలాగే నీళ్లలో పరీక్ష కాగితం ముంచితే, యాసిడ్ ఉందని చెబుతూ అది ఎర్రగా మారింది. అతను పై అధికారికి ఫోన్ చేశాడు. నీళ్లు వదిలెయ్, డ్రామాలు చెయ్యకు అన్నాడు ఆయన. మొగిలమ్మకు చేశాడు. ఆమె డోర్నకల్‌లో చుట్టాల ఇంట్లో ఉంది, ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఆరూ పదకొండుకు రేడియోకు చేశాడు.

"నేను డైరెక్టర్ సార్‌కు నాలుగుసార్లు చేసిన," అన్నాడు హమీద్. "ఎత్తలేదు. ఏడింటికి నీళ్లు ఇడుస్తరు. నలభై తొమ్మిది నిమిషాలున్నయి."

"మీ గొంతుతోనే చెప్పొచ్చు గద?"

"నా గొంతు వింటే పాటల హమీద్ ఏదో అంటాండు అనుకుంటరు. ఆమె గొంతు వింటే బిందె పక్కకు పెడ్తరు." అతను తల దించుకున్నాడు. "తప్పే. ఒక మనిషి అనని మాట ఆ మనిషి నోట్ల పెట్టిన. కానీ గప్పుడు పిల్లల మొఖాలే కండ్లల్ల ఆడినయి."

"తొమ్మిదింటికి నీళ్లు మంచిగున్నయని ఎట్ల తేలింది?"

"ఎవరూ పట్టుకోలే. నల్లాలు ఇప్పి వదిలేసిన్రు. యాసిడ్ నీళ్లన్ని మోరీల పాలైనయి. తొమ్మిదింటికి వచ్చినవి కొత్త నీళ్లు. పండరిని డ్యూటీల నుంచి తీసేసిన్రు. సీసాల ఆ నీళ్లు దాచిపెట్టి స్టేషన్ ఘన్‌పూర్ల వాళ్లక్క ఇంట్ల ఉన్నడు. గురువారం దాక ఆగు చాచా, భయమైతాంది అన్నడు. నేనూ భయపడ్డ. ఇరవై ఆరేండ్ల నౌకరీ. ఇవ్వాళ కమిటీ ముంగట చెప్పుదామనే వచ్చిన. ఒట్టు."

"పండరికి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. స్పీకర్ల పెట్టండి."

మహిత తలుపు తెరిచి మల్లికార్జున్‌ను లోపలికి రమ్మంది. అతని వెనకే మొగిలమ్మ కూడా వచ్చింది. హమీద్ నెంబరు నొక్కాడు. పండరి గొంతు సన్నగా వినిపించింది.

"చాచా, నేనే చేద్దామనుకుంటాన. మావోడు ఒకడు ఇప్పుడే చెప్పిండు. నిన్న రెండో ట్యాంకు గూడ గదే కూలీలు గట్లనే కడిగిన్రంట. పొద్దున నీళ్లు నింపిన్రు. ఇయ్యాల నాలుగున్నరకు ఇడుస్తరంట."

మహిత గోడ గడియారం వైపు తిరిగింది. టైము మూడూ పదహారు.

ముందుగా కదిలింది మల్లికార్జునే. వైర్‌లెస్ తీసి గస్తీ జీపును ట్యాంకు దగ్గరికి పొమ్మన్నాడు. నీటి విభాగానికి ఫోన్ చేశాడు. రెండు నెంబర్లు మోగి మోగి ఆగిపోయాయి. మూడోది బిజీ. పండరిని సీసా, ఫోన్ తీసుకుని వెంటనే బండి మీద బయల్దేరమని చెప్పాడు. ఆ తర్వాత ఎదురుచూడడమే మిగిలింది. దారిలో రైల్వే గేటు పడిందని జీపు నుంచి కబురొచ్చింది. మూడూ నలభై రెండుకు వైర్‌లెస్ మళ్లీ గరగరలాడింది.

"సార్, వచ్చినం. కానీ వాల్వు అప్పటికే తిప్పి ఉన్నది. మూడున్నరకే ఇడిసిన్రంట."

"మూసెయ్యి."

"మూసినం సార్. పైపులల్లకు పోయిన నీళ్లు పోయినట్టే. నాలుగు గాకముందే నల్లాలల్ల వస్తయంటాన్రు."

ఆ రెండో ట్యాంకు కింద రెండు వార్డులున్నాయి. పిల్లలు బడి నుంచి వచ్చే వేళ. మొగిలమ్మ అప్పటికే స్టూడియో తలుపు దగ్గరుంది. ఆమెకు ఎదురుగా డైరెక్టర్ వెంకట్రాజం వచ్చాడు. సన్నటి మనిషి, జాగ్రత్తగా బతికే రకం. సంగతి మొత్తం మహిత నాలుగు ముక్కల్లో చెప్పింది.

"కమిటీ అనుమతి లేకుండ లైవ్..." అని మొదలుపెట్టాడు వెంకట్రాజం.

"కమిటీ నాలుగున్నరకు సార్," అంది మొగిలమ్మ. "పోరగాండ్లు నాలుగింటికే నల్లా కింద నోరు పెడ్తరు."

వెంకట్రాజం ఆమె మొహంలోకి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాడు. "సోమవారం నా ఫోన్ సైలెంట్‌లో ఉండింది," అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. "పోండి లోపలికి."

మైకు ముందు కూర్చోబోతూ మొగిలమ్మ ఆగింది. హమీద్‌ను పిలిచింది.

"ముందుగాల నువ్వు చెప్పు తమ్మీ."

"నేనా అక్కా?"

"మూడు దినాల సంది నేను అబద్ధం చెప్పిన్ననుకుంటాన్రు. ఇప్పుడు నా గొంతు మళ్ల వినంగనే నవ్వుతరు. సోమవారం ఏం జరిగిందో ముందు నువ్వు చెప్పు. నిజం చదవాలెనని నాలుగేండ్లు తిరిగిన. నాకు పనికొచ్చే నిజమే చదివితే ఎట్ల?"

పాట ఆగింది. మూడూ నలభై ఏడుకు హమీద్ గొంతు గాలిలోకి వెళ్లింది. ఎక్కడా తడబడలేదు. సోమవారం మీరు విన్నది మొగిలమ్మ గొంతే కానీ ఆమె మాట కాదని, పాత రికార్డులు కోసి తనే అతికించానని, నీళ్లు మాత్రం నిజంగా చెడ్డవని, చేసిన తప్పుకు ఏ శిక్షకైనా తయారుగా ఉన్నానని చెప్పాడు. తర్వాత మొగిలమ్మ మైకు దగ్గరికి జరిగింది. వార్డుల పేర్లు చెప్పింది. నీళ్లు పట్టొద్దని, నల్లా తిప్పి మోరీలోకి వదిలేయమని, పక్కింటివాళ్లు రేడియో వినకపోతే తలుపు కొట్టి చెప్పమని మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పబోయి గొంతు సవరించుకుంది.

"నేను మొగిలమ్మనే. ఈసారి నేనే," అంది.

అద్దం ఇవతల మహిత గడియారం చూస్తూ నిలబడింది. నమ్ముతారా? మూడు రోజులుగా ఊరంతా అబద్ధాలకోరు అన్న మనిషిని నమ్మి, బిందె పక్కకు పెడతారా? తెలుసుకునే దారి లేదు. మూడూ యాభై ఐదు. యాభై ఎనిమిది. స్టూడియో ఫోను మోగలేదు.

నాలుగూ రెండుకు మల్లికార్జున్ సెల్‌ఫోన్ మోగింది. అతను చూసి ఎత్తాడు. ఆడగొంతు. పక్కనున్న మహితకు కూడా స్పష్టంగా వినిపించింది.

"ఏమండీ, మా అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. వాళ్ల గల్లీల నల్లా నీళ్లు పట్టొద్దంట. మొగిలమ్మ చెప్పిందంట. అందరు ఇడిసిపెడ్తాన్రంట. మీరు ఆ దిక్కు పోతే ఎక్కడ చాయ్ గూడ తాగకుండ్రి."

"తాగ," అన్నాడు మల్లికార్జున్. ఫోన్ పెట్టేసి అద్దం అవతలున్న మొగిలమ్మ వైపు చూశాడు.

ఆ తర్వాత స్టూడియో ఫోను ఆగకుండా మోగింది. బడి టీచరు ఒకావిడ, మసీదు మైకులో కూడా చెప్పించామని ఒకతను, బకెట్ పారబోశానని చెప్పడానికే చేసిన ఒక అవ్వ. నాలుగూ ఇరవైకి వైర్‌లెస్‌లో కానిస్టేబుల్ చెప్పాడు. ట్యాంకు నీళ్లలో కాగితం ముంచితే ఎర్రగా మారిందట. రెండు వార్డులూ తిరిగి చూశారట. దవాఖానలో ఒక్కరు కూడా చేరలేదు.

మొగిలమ్మ స్టూడియోలోంచి బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది. ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. హమీద్ ఒక గ్లాసు నీళ్లు తెచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. బాటిల్ నీళ్లే అని చెప్పాడు. ఆమె తీసుకుంది.

"నా గొంతు దొంగిలించినవు తమ్మీ."

"అవునక్కా."

"అడిగితే ఇచ్చేదాన్ని."

"పండరికి మీ ఫోన్ కలువలే అక్కా."

"గది నా తప్పు. ఇగ నుంచి చార్జర్ సంచిల పెట్టుకుంట." గ్లాసు ఖాళీ చేసి అతని చేతికిచ్చింది. "రేపు సారలమ్మ కాడికి ఇద్దరం పోదాం."

సలహా సంఘం సభ్యులు మెట్లెక్కి వస్తుంటే వెంకట్రాజం ఎదురెళ్లాడు. అంశం ఇంకా ఎజెండాలో ఉందా అని ఒకాయన అడగడం మహితకు వినిపించింది. వెంకట్రాజం ఏం చెప్పాడో వినపడలేదు కానీ, అడిగినాయన తన చేతిలోని ఎజెండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగూ నలభైకి దుమ్ము కొట్టుకుపోయిన చొక్కాతో పండరి వచ్చాడు. పాతికేళ్లుంటాయి. తువ్వాలులో చుట్టిన సీసాను రెండు చేతులా పట్టుకుని బల్ల మీద పెట్టాడు. తర్వాత భయంభయంగా ఫోన్ తీశాడు.

"నా ఫోన్ల అన్ని కాల్స్ రికార్డు అయితయి సార్. సోమవారం ఆరూ రెండుకు పెద్దసార్ ఏమన్నడో ఉన్నది. ఆయన పేరు చెప్పనీకి నాకు భయం. మీరే వినుండ్రి."

మల్లికార్జున్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాగితం ఎర్రగైంది సార్, అని పండరి గొంతు. ఆ వెనక ఇంకో గొంతు, నిద్రమత్తు లేని గొంతు, తొందర లేని గొంతు. "ట్యాంకు కడిగిచ్చిన్నని నిన్ననే రిపోర్టు పంపిన. ఇప్పుడు ఆపితే నా మెడకు సుట్టుకుంటది. డ్రామాలు చెయ్యకుంట నీళ్లు ఇడిసిపెట్టు. ఎవరన్న అడిగితే నాకు ఫోన్ చెయ్యనే లేదని చెప్పు."

ఇన్‌స్పెక్టర్ దాన్ని మొదటి నుంచి మళ్లీ విన్నాడు.

"ఈ గొంతు నాకు ఎరుకే," అన్నాడు.

"ఎవరిది?" అని అడిగింది మహిత.

"సోమవారం నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తాండు. పొద్దున గూడ చేసిండు. మొగిలమ్మను ఇంకా ఎందుకు లోపలెయ్యలే, కమిటీ కూసునే లోపల వెయ్యాలె అని." అతను ఫోన్‌ను జాగ్రత్తగా కవరులో పెట్టాడు. "ఆమె మీద ఫిర్యాదు రాసిచ్చింది ఈయనే మహితా."

కవరు మీద టైము రాసి సంతకం పెట్టాడు. డ్రైవర్‌కు జీపు తియ్యమని కేకేశాడు. మెట్ల దాకా నడిచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగాడు.

"వస్తవా?"

ఆరేళ్లలో అతను ఆమెను ఆ మాట అడగడం అదే మొదటిసారి. మహిత బ్యాగు భుజాన వేసుకుంది.